ఫిజిక్స్ ఆనర్స్ తర్వాత విదేశంలో ఎకనామిక్స్ పీజీ: ఏ దారి పట్టాలి?

పర్లాకిమిడి_కుర్రాడు:

నమస్కారమండీ. బరంపురంలో బీఎస్సీ ఫిజిక్స్ ఆనర్స్ ఆఖరి ఏడాది. ఇంతవరకు సీజీపీఏ 7.6. పీజీ ఎకనామిక్స్‌లో చేయాలని గట్టిగా ఉంది, వీలైతే బయటి దేశంలో. డిగ్రీలో ఎకనామిక్స్ పేపరు ఒక్కటీ లేదు. జీఈ (వేరే సబ్జెక్టు నుంచి ఎంచుకునే పేపరు) కింద తీసుకున్నవి లెక్కలు, కెమిస్ట్రీ.

అడగాలనుకున్నవి ఇవి. జర్మనీలో ఫీజు ఉండదంటారు కదా, ఫిజిక్స్ డిగ్రీతో అక్కడ నేరుగా ఎకనామిక్స్ సీటు వస్తుందా? సబ్జెక్టు మారేవాడికి ఇంగ్లండులో ఏడాది ఎంఎస్సీ సరిపోతుందా? నాన్నగారి పేరున పాతపట్నంలో ఇల్లుంది, అంటే ఆంధ్ర వైపు. దాన్ని పెట్టి బరంపురం బ్యాంకులో లోను అడగొచ్చా? ఇంకోటి, మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంది, ఆధార్‌లో ముందుంది. పాస్‌పోర్టు ఇంకా తీయలేదు. పెద్దలు దారి చెప్పగలరు.

వంశధార:

తమ్ముడూ, దేశం సంగతి తర్వాత. ముందు నీ మార్కుల జాబితాను అవతలివాళ్లు ఎలా చదువుతారో చూడు. సీటు ఇచ్చేదీ ఆపేదీ అదే.

జర్మనీలో ఎకనామిక్స్ మాస్టర్స్ చాలామటుకు అదే సబ్జెక్టు డిగ్రీకి కొనసాగింపుగా పెట్టినవి. డిగ్రీలో ఎకనామిక్స్ ఇన్ని ఈసీటీఎస్ (యూరప్ చదువుల కొలత) క్రెడిట్లు, లెక్కలూ స్టాటిస్టిక్సూ ఇన్ని అని ముందే రాసిపెడతారు. అక్కడ మూడేళ్ల డిగ్రీ అంటే 180 ఈసీటీఎస్. మనది 140 చిల్లర, కాబట్టి మన క్రెడిట్ ఒక్కోటి అక్కడ సుమారు 1.3 కింద పడుతుంది. నీ లెక్కల గడి పర్వాలేదు, ఎకనామిక్స్ గడిలో సున్నా. జీఆర్ఈ ప్రవేశ పరీక్షలో లెక్కల భాగమైన క్వాంట్‌లో 170కి 170 తెచ్చుకున్నా ఆ సున్నా పూడదు. అది పోటీలో వేసే మార్కు కాదు, దరఖాస్తు తెరిచి చూడ్డానికే పెట్టిన షరతు. స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక) కోర్సులు చేస్తే చాలని కొందరు చెబుతారు. ఆ క్రెడిట్లు నీ యూనివర్సిటీ మార్కుల జాబితాలోకి ఎక్కితేనే లెక్కకొస్తాయి. విడిగా జతచేసిన సర్టిఫికెట్ నీ ఆసక్తికి సాక్ష్యం, అంతవరకే.

లెక్కల గడి దగ్గర కూడా ఒక చిక్కుంది. నీ మేథమెటికల్ ఫిజిక్స్ పేపర్లు మూడూ పేరును బట్టి ఫిజిక్స్ కిందికి పోతాయి. లోపల ఉన్నది మాత్రం లెక్కలే. మొదటి పేపర్లో పాక్షిక అవకలనం, లగ్రాంజ్ మల్టిప్లయర్లు, ద్విపద, గాసియన్, పాయిజాన్ విభాజనాలు ఉంటాయి. బడ్జెట్ పరిమితిలో వినియోగదారుడు ఏం కొంటాడో లెక్కగట్టడానికి మైక్రో ఎకనామిక్స్ మొదటి నెలలో వాడేది ఆ లగ్రాంజ్ పద్ధతే. అందుకని ప్రతి పేపరు సిలబస్ పేజీ మీద హెడ్ సంతకం, ముద్ర వేయించి ఒక్క పీడీఎఫ్ చెయ్యి. పక్కన ఒక పట్టిక: పేపరు పేరు, క్రెడిట్లు, అందులో లెక్కల భాగం, ఎన్ని గంటలు. ఇది లేకుండా పంపితే చూసేవాడికి మేథమెటికల్ ఫిజిక్స్ తెరిచి చూసే ఓపిక ఉండదు, తప్పు గడిలో వేసేస్తాడు. నీకు నిజంగా లోటున్నవి మూడు: లీనియర్ ఆల్జీబ్రా పూర్తి స్థాయిలో, రియల్ అనాలిసిస్, స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్. ఆఖరి సెమిస్టర్లో డీఎస్ఈ (సొంత సబ్జెక్టులో ఐచ్ఛిక పేపరు) ఎంచుకునే అవకాశం ఇంకా ఉంటే అడ్వాన్స్‌డ్ మేథమెటికల్ ఫిజిక్స్ తీసుకో, లీనియర్ ఆల్జీబ్రా అందులో వస్తుంది.

జర్మన్ గ్రేడు లెక్క కూడా చెబుతాను, దీని దగ్గర చాలామంది పొరబడతారు. గరిష్ఠ మార్కులోంచి నీ మార్కు తీసెయ్యి. దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించు, 3తో హెచ్చించు, 1 కలుపు. నీకు 10 లోంచి 7.6 పోతే 2.4. పాస్ 4 అయితే 2.4ని 6తో భాగించాలి, గ్రేడు 2.2 వస్తుంది. పాస్ 5 అని వాళ్లు పట్టుకుంటే 2.44 అవుతుంది. అక్కడ అంకె తగ్గేకొద్దీ మంచిది, 2.5 దగ్గర గీత గీసే చోట్లు చాలా ఉన్నాయి. కాబట్టి మార్కుల జాబితా వెనక గ్రేడింగ్ స్కేలు, కనీస పాస్ మార్కు స్పష్టంగా లేకపోతే పరీక్షల కంట్రోలర్ ఆఫీసు నుంచి ఉత్తరం తీసుకో.

ఇంగ్లండు సంగతి. ఏడాది ఎంఎస్సీ ఎకనామిక్స్ కొత్తవాళ్ల కోసం పెట్టింది కాదు. సెప్టెంబరులో కొద్ది వారాలు లెక్కలు తిరగేయించి, అక్టోబరుకల్లా పీజీ స్థాయి మైక్రో, మాక్రో, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక డేటాకి స్టాటిస్టిక్స్ వాడే సబ్జెక్టు) ఒకేసారి మొదలుపెడతారు. డిగ్రీ మైక్రో చదవనివాడు లెక్క చేసెయ్యగలడు, ఆ లెక్క ఎందుకు చేస్తున్నాడో తెలియక పరీక్షలో దెబ్బతింటాడు. నీలాంటివాళ్ల కోసమే వారిక్‌లో డిప్లొమా ప్లస్ ఎంఎస్సీ అని రెండేళ్ల కోర్సుంది, ఎల్ఎస్ఈలో (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) రెండేళ్ల ఎంఎస్సీ ఎకనామిక్స్ ఉంది, కేంబ్రిడ్జిలో తొమ్మిది నెలల అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంది. డిప్లొమా ఏడాదిలో వాళ్లు పెట్టిన మార్కు దాటితేనే ఎంఎస్సీలోకి పంపుతారని మరవకు. ఏ సబ్జెక్టు వాళ్లనైనా తీసుకునే డెవలప్‌మెంట్ స్టడీస్, పబ్లిక్ పాలసీ కోర్సులు వేరే సంగతి. మంచి కోర్సులే, కానీ రేపు ఎకనామిక్స్ పీహెచ్‌డీకి వెళ్లాలంటే వాటిలో మైక్రో, ఎకనోమెట్రిక్స్ చాలవు. పేరులో ఎకనామిక్ అన్న మాట చూసి చేరిపోవద్దు, తప్పనిసరి పేపర్ల పట్టిక చూడు.

చదువయ్యాక అక్కడ ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకి 18 నెలలే. రెండేళ్ల కోర్సులో చేరితే నీకు వర్తించేది ఆ 18 నెలలే.

ఋషికుల్య:

వంశధార గారు చెప్పిందంతా సరైనదే. డిప్లొమా ప్లస్ ఎంఎస్సీ మొదటి సలహాగా చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు. పీజీ ఫీజు కట్టి రెండేళ్లు చదివితే అందులో మొదటి ఏడాది డిగ్రీ పాఠాలే. అప్పు చేసి ఆ పాఠాలు కొనుక్కోవాలా?

బాబూ, హౌరా బండి ఎక్కితే రాత్రికి రాత్రి చేరే కోల్‌కతాలోనే ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఉంది. అక్కడి ఎంఎస్‌క్యూఈ అనే రెండేళ్ల ఎకనామిక్స్ పీజీ కోర్సు ఫిజిక్స్ డిగ్రీ వాళ్లని కూడా తీసుకుంటుంది, ఇంటర్‌లో లెక్కలుంటే చాలు. ఫీజు నామమాత్రం, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. పరీక్ష మేలో జరుగుతుంది. పీఈఏ అనే పేపరు పూర్తిగా లెక్కలే, నువ్వు దంచెయ్యగలవు. పీఈబీలో ఎకనామిక్స్ ఉంటుంది. దానికి డిగ్రీ స్థాయి మైక్రో, మాక్రో ఆరు నెలలు కూర్చుని చదవాలి. రెండో దారి జామ్ (ఐఐటీల పీజీ ప్రవేశ పరీక్ష) ఎకనామిక్స్ పేపరు. ఫిబ్రవరిలో మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మైక్రో, మాక్రో, స్టాటిస్టిక్స్, లెక్కలు, భారత ఆర్థిక వ్యవస్థ అడుగుతారు. ఫిజిక్స్ వాళ్లు ఆ చివరి భాగాన్ని వదిలేసి మార్కులు పోగొట్టుకుంటారు, వదలకు.

ఇక్కడ మంచి ఎంఎస్సీ ఉంటే ఆ ఎకనామిక్స్ సున్నా పోతుంది, యూరప్‌లో రెండో మాస్టర్స్‌కో నేరుగా పీహెచ్‌డీకో దరఖాస్తు పెట్టొచ్చు. ముందే వెళ్లాలంటే ఎరాస్మస్ ముండుస్ (యూరప్ యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్) కోర్సుల్లో క్యూఈఎం ఒకటి చూడు, గణిత ఎకనామిక్స్ మీద నడిచే రెండేళ్ల కోర్సు. స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు, 24 నెలలు. పోటీ గట్టిది, అయినా దరఖాస్తు పెట్టకపోవడానికి కారణం లేదు.

ఇంకొక్క మాట. సబ్జెక్టు మారేవాడిని నమ్మించేది ఒక పని. స్టేట్‌మెంట్‌లో "చిన్నప్పటి నుంచి ఆర్థిక విషయాలంటే ఇష్టం" అని రాస్తే ఎవరూ చదవరు. మన జిల్లా ప్రశ్న ఒకటి తీసుకుని డేటాతో పని చేసి చూపించు.

పర్లాకిమిడి_కుర్రాడు:

వంశధార గారూ, ఋషికుల్య గారూ, చాలా థాంక్సండీ. జర్మనీ గురించి నేను విన్నది సగమే అని తెలిసింది. ఋషికుల్య గారూ, డేటాతో పని అంటే ఎలాంటిది, ఎక్కడ దొరుకుతుంది? పైథాన్ కొంచెం వచ్చు, ఆర్ రాదు.

ఋషికుల్య:

పైథాన్ చాలు. పీఎల్ఎఫ్ఎస్ అని ఉపాధి సర్వే ఉంది, 2017 నుంచి నడుస్తోంది. కుటుంబాల వారీ డేటా కేంద్ర గణాంక శాఖ సైటులో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా దింపుకోవచ్చు. 2020-21 సర్వేలో వలస మీద ప్రశ్నలు కూడా అడిగారు. మన గంజాం మనుషులు సూరత్ మరమగ్గాలకి పోవడం మీద ఆసక్తి ఉంటే అది తీసుకో.

తప్పులు ఎక్కడ జరుగుతాయో ముందే చెబుతాను. సూరత్‌కి పోయినవాడిని గంజాం ఇళ్లలో వెతుకుతారు చాలామంది. అతను అక్కడ దొరకడు, ఎందుకంటే సర్వే ఇంట్లో ఉంటున్నవాళ్లనే లెక్కపెడుతుంది. గుజరాత్ శాంపిల్ తెరిచి, అంతకుముందు నివాసం ఒడిశా అని చెప్పినవాళ్లను వేరుచెయ్యాలి. జిల్లా తెలియదు, రాష్ట్రం వరకే. పైగా 2020-21 అంటే లాక్‌డౌన్‌లో మనవాళ్లు తిరిగొచ్చేసిన ఏడాది. ఆ ఏటి అంకెని మామూలు ఏడాది అంకెగా రాయొద్దు, ఆ సంగతి నువ్వే ముందు చెప్పు.

రెండోది తూకం. ప్రతి వరసలో మల్టిప్లయర్ ఉంటుంది. ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ అనే రెండు గళ్లూ సమానమైతే దాన్ని 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది మొత్తం కలిపితే త్రైమాసికాల సంఖ్యతో మళ్లీ భాగించాలి. తూకం వేయకుండా సగటు తీస్తే నెల జీతగాళ్ల శాతం ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. పట్నాల ఇళ్లను జనాభాలో వాటి వాటా కంటే ఎక్కువగా శాంపిల్‌లోకి తీసుకుంటారు, అందుకు. నెల జీతం కోడు 31, కూలి 41, 51, సొంత పని 11, 12, ఇంటివాళ్ల సొంత వ్యాపారంలోనో సాగులోనో జీతం లేని చేదోడు 21. నీ లెక్క సరైందో కాదో తెలియాలంటే ముందు అచ్చయిన వార్షిక నివేదికలోని ఒక పట్టికను నీ పైథాన్ ప్రోగ్రాముతో తిరిగి రాబట్టు. దశాంశం దగ్గర కూడా సరిపోవాలి. సరిపోయాకే సొంత ప్రశ్నకి వెళ్లు.

మూడోది, గజపతి జిల్లాకి విడిగా అంకె తీయాలని చూడకు. 2025కి ముందు సర్వేను జిల్లా స్థాయి అంచనా కోసం తయారుచేయలేదు. ఒడిశా దక్షిణ ప్రాంతం మొత్తానికి తీస్తే నిలబడుతుంది, అందులో మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ అన్నీ వస్తాయి.

డేటా లేకుండా కూడా స్టేట్‌మెంట్‌కి మంచి ప్రశ్న దొరుకుతుంది. గంజాం తీరంలో మొగలి పువ్వు కోసేవాళ్లున్నారు. వాసన పోకముందే పువ్వు అత్తరు తీసే బట్టీకి చేరాలి, ఆలస్యమైతే దానికి ధర లేదు. దగ్గర్లో ఉన్న బట్టీ ఒకటే అయితే కోసినవాడికి బేరమాడే బలం ఎంత? ఒక్క కొనుగోలుదారుడే ఉన్న మార్కెట్ మీద మైక్రోలో ఒక అధ్యాయమే ఉంది. నీ ఊరి సంగతిని ఆ సిద్ధాంతంతో రెండు పేరాల్లో ముడిపెట్టగలిగితే, ఫిజిక్స్ కుర్రాడు ఎకనామిక్స్‌లో ఆలోచించగలడని చదివినవాడికి అర్థమవుతుంది. డేటా పని చేస్తే నాలుగైదు పేజీల నివేదిక, పైథాన్ ప్రోగ్రాము, రెండు గ్రాఫులు చాలు.

బాహుదా:

చదువు సంగతి వాళ్లిద్దరూ చెప్పారు. నేను కాగితాలు, డబ్బు చెబుతాను. సరిహద్దు వాళ్లకి ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

పేరు మొదట. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి, సొంత పేరుకి వేర్వేరు గళ్లుంటాయి. కాబట్టి ముందా వెనకా అన్నది బాధ కాదు, అక్షరాలు తేడా వస్తేనే బాధ. మన ఇళ్లలో ఒకే పేరు ఒడియా బడిలో ఒకలా, ఆంధ్ర వైపు కాగితాల్లో ఇంకోలా పడుతుంది. రావు, రావ్ అవుతుంది. పాత్రుడు, పాత్రో అవుతుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌ని ఆధారంగా పెట్టుకుని, ముందు ఆధార్‌ని దానికి సరిచేయించు, ఆ తర్వాత పాస్‌పోర్టు. పొడి అక్షరాలు వద్దు, విప్పి రాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం సొంత పేరు గడిలో నింపితే అమెరికా వీసాలో సొంత పేరు తెలియదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, తర్వాత ప్రతి ఆఫీసులో సమాధానం చెప్పుకోవాలి. డిగ్రీ పట్టా ఇంకా అచ్చవలేదు కాబట్టి అందులో తప్పుంటే ఇప్పుడే అర్జీ పెట్టు. అచ్చయ్యాక నోటరీ అఫిడవిట్‌తో నెట్టుకురావాలి.

చిరునామా రెండోది. ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు అన్నిటిలో పర్లాకిమిడిదే ఉండనీ. జర్మన్ వీసాకి ఒడిశా వాళ్లు కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోకి వస్తారు, ఆంధ్ర వాళ్లు చెన్నై పరిధిలోకి. మనకి విశాఖ, హైదరాబాద్ అలవాటు కదా అని అటు వైపు అపాయింట్‌మెంట్ తీసుకుంటే పరిధి కాదని తిప్పి పంపుతారు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ విద్య పథకాలు ఆ రాష్ట్రాల స్థానికులకే, పాతపట్నంలో ఇల్లున్నంత మాత్రాన నీకు రావు. కులం సర్టిఫికెట్ కూడా ఒడిశా జాబితా ప్రకారమే. ఆంధ్రలో ఒక కులం ఏ వర్గంలో ఉందో ఇక్కడ అదే వర్గంలో ఉండాలని లేదు, తహసీల్ ఆఫీసులో ముందే చూసుకో.

జర్మనీ అనుకుంటే, 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని జర్మన్ వాళ్లు పరిశీలించి ఇచ్చేది) లేకుండా వీసా లేదు. రుసుం 18,000 రూపాయలు. వారాల తరబడి పడుతుంది కాబట్టి అడ్మిషన్ కోసం ఎదురుచూడకుండా ముందే పెట్టాలి. బ్లాక్‌డ్ అకౌంట్‌లో అక్కడి ఖర్చుకని ఏడాదికి 11,904 యూరోలు ముందే వేయాలి, అక్కడికెళ్లాక నెలకు 992 చొప్పున వదులుతారు. ఫీజు లేదన్న మాట కూడా అన్ని చోట్లా నిజం కాదు. మన్‌హైమ్, ట్యూబింగెన్ ఉన్న బాడెన్ వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటివాళ్లకి సెమిస్టరుకి 1,500 యూరోలు.

ఇంగ్లండుకైతే ఫీజులో మిగిలిన భాగం, తొమ్మిది నెలల ఖర్చు డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు తగ్గకుండా ఉండాలి. 27వ రోజున ఎవరికో అవసరం వచ్చి కొంత తీసి మర్నాడు వేసినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆ 28వ రోజు దరఖాస్తుకి 31 రోజుల లోపు ఉండాలి. షేర్లు, పీఎఫ్, చీటీ డబ్బు చెల్లవు. నాన్నగారి ఖాతా అయితే నీ పుట్టిన సర్టిఫికెట్, ఆయన సమ్మతి పత్రం జతచెయ్యాలి. బ్యాంకు విద్యాలోను మంజూరు పత్రం చూపిస్తే ఈ 28 రోజుల గొడవ ఉండదు. ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు. వీసా గడువు కోర్సు కంటే కొన్ని నెలలు ఎక్కువిస్తారు గనుక ఏడాది కోర్సుకి కూడా 1,164 దాకా కట్టాలి. టీబీ పరీక్ష వాళ్లు ఆమోదించిన క్లినిక్‌లోనే, ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది.

ఇప్పుడు పాతపట్నం ఇల్లు. వేరే రాష్ట్రంలో ఉందని బ్యాంకు కాదనక్కర్లేదు. ఇక్కడి శాఖ అక్కడి శాఖ ద్వారా విలువ కట్టిస్తుంది, అక్కడి ప్యానెల్ లాయరు హక్కు పరిశీలిస్తాడు. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), లింకు దస్తావేజులు పాతికముప్పై ఏళ్లవి అడుగుతారు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముందే తీసి పెట్టుకో. అసలు చూడాల్సింది ఇల్లు గ్రామకంఠం స్థలంలో ఉందా అన్నది. అలాంటి స్థలానికి తరతరాల స్వాధీనం ఉంటుంది గానీ రిజిస్టరు దస్తావేజు ఉండదు, బ్యాంకు లాయరు అక్కడే ఆగిపోతాడు. ఇల్లు నిజంగా నాన్నగారి పేరునే ఉందా, ఇంకా తాతగారి పేరునే ఉందా అన్నది కూడా చూడు. తాతగారిదైతే వారసులందరి సంతకాలతో పంపకం రిజిస్టరు చేయించాకే తాకట్టు. వ్యవసాయ భూమిని విద్యాలోనుకి సాధారణంగా తీసుకోరు. రాయగడ, కొరాపుట్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనుల భూమి బదిలీకి 1956 రెగ్యులేషన్ అడ్డుంది, దాన్ని లెక్కలో పెట్టుకుని వేరే హామీ చూసుకోండి.

పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర విద్యాలోను పథకం మన దేశంలోని సంస్థలకే, బయటికి పనికిరాదు. ఐఎస్ఐ, ఐఐటీ అనుకుంటే దాని మాట చూడొచ్చు. బ్యాంకు లోనుతో బయటికి పంపే డబ్బు మీద టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బైతే ఏడాదిలో 10 లక్షలు దాటినదానికి పడుతుంది, తర్వాత రిటర్న్ వేసి సర్దుకోవచ్చు. అయినా చేతిలోంచి ముందు పోయేదే కదా, ఫీజు గడువు లెక్కలో అది కూడా కలుపుకో.

వంశధార:

ఋషికుల్య గారి మాట ఒప్పుకుంటున్నాను, ఐఎస్ఐ పరీక్ష రాయకుండా డిప్లొమా దారి పట్టొద్దు. తమ్ముడూ, ఈమాటు జామ్, ఐఎస్ఐ రెండూ రాయి. అవి దాటకపోతే అప్పుడు ఇంగ్లండు రెండేళ్లది చూద్దాం. ఐఈఎల్‌టీఎస్ మార్కు రెండేళ్లే చెల్లుతుంది, ఇప్పుడే తొందరపడి రాయకు. జీఆర్ఈ ఐదేళ్లు చెల్లుతుంది, లెక్కలు చేతిలో ఉండగానే రాసెయ్యి. క్వాంట్ 165 దాటాలి.

ఒకటి మరిచాను, సిఫార్సు ఉత్తరాలు. యూనివర్సిటీ పోర్టల్ మీ మాస్టారుకి నేరుగా మెయిల్ పంపుతుంది. కాలేజీ మెయిల్ కాకుండా సొంత మెయిల్ ఇస్తే కొన్ని చోట్ల తీసుకోరు. మీ మాస్టార్లకి కాలేజీ మెయిల్ ఉందో లేదో ఇప్పుడే అడుగు. లేకపోతే డిపార్ట్‌మెంట్ మెయిల్ వాడేలా హెడ్ గారితో మాట్లాడి పెట్టుకో, లెటర్‌హెడ్ మీద ముద్ర వేసిన కాపీ కూడా దగ్గరుంచుకో. ఉత్తరంలో నీ మంచితనం గురించి కాకుండా, థర్మోడైనమిక్స్‌లో, మేథమెటికల్ ఫిజిక్స్‌లో తరగతి మొత్తంలో నువ్వు ఎన్నో స్థానంలో ఉన్నావో రాయమని అడుగు.